బెజ్జాలు

కృపావరమ్మ గారి మోరిస్ మైనర్
పరుగందుకుంటే వంక పెట్టడానికి లేదు.
ఆగి, మళ్ళీ బయల్దేరేటప్పుడే గొడవ.
క్లచ్చి మీంచి కాలు తీస్తుంటే
ద-ద-ద-దమ్మని ఒళ్ళంతా వణికి
అద్దాలు గలగలమని
డాష్‌బోర్డు మీద యేసుప్రభువు తలాడించి,
అప్పుడు కదిలేది.

"ఎగ్మూరు సిగ్నల్లో పోలీసాయన
వణుకు నాదనుకున్నాడు నాయనా,
నా వయసడిగాడు" అందావిడ.
కంటాసుపత్రిలో ముప్పై ఏళ్ళు మేట్రను.

పుదుప్పేటలో నా షెడ్డు.
పాత బళ్ళకి నన్ను డాక్టరంటారు,
డాక్టర్లాగే అడిగాను:
పొద్దున్నా, వేడెక్కాకా? రివర్సులో కూడానా?
అన్నిటికీ అవునంది.

మొదటిసారి గేరుబాక్సు దించి
ప్లేటు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
వెనక సీలు కారుంటే నూనె వాసన చెప్పేస్తుంది.
పొడిగా ఉంది. అయినా మార్చాను.
రెండోసారి ఫ్లైవీలు మీద నీలం మచ్చలు,
లేతు కన్నియప్పన్ చేత చెక్కించాను.
మూడోసారి ప్రెషర్ ప్లేటు వేళ్ళు మూడూ
ఫీలర్ గేజి పెట్టి ఒక్క ఎత్తుకి తెచ్చాను,
ఇంజన్ కింద రబ్బర్లు కొత్తవి వేశాను.
సందు చివరిదాకా తోలి చూశాను.
ద-ద-ద.

నా దగ్గర ఒక కుర్రాడున్నాడు.
రేషను కార్డులో ఏళుమలై, ఇంట్లో ఏడుకొండలు.
ఏ పేరైనా మొదటి అక్షరం దగ్గరే వాడికి అడ్డం.
తిట్టేటప్పుడు లేదు, పాడేటప్పుడు లేదు.
మాట మొదలులోనే నత్తి.

"బె... బె..." అన్నాడు బండి కింద నుంచి.
బెల్టా? అన్నాను.
బేరింగా? అన్నాడు కన్నియప్పన్.
బెండొచ్చిందా? అన్నాడు టీ తెచ్చినవాడు.
మేం అందించిన మాటలన్నీ
పైనుంచి జారిన స్పానర్లలా వాడి మొహం మీద పడ్డాయి.
వాడు ఊరుకున్నాడు.

మర్నాడు మళ్ళీ మొదలెట్టాడు.
అప్పటికి నా నోట్లో వేడి బోండా ఉంది,
మింగలేను, ఉయ్యలేను, అందించలేను.
అందుకే, నిజం చెప్పాలంటే అందుకే,
వాడి మాట చివరిదాకా వచ్చింది:
"బెజ్జాలు. రెండు. ఖాళీగా."

టార్చి పట్టుకుని నేనూ దూరాను.
ఇంజన్ వెనక పలకకి ఒకటి, ఛాసిస్‌కి ఒకటి,
ఎదురెదురుగా.
ఒకదాంట్లో కందిరీగ మట్టి పూసి కాపురం చేసి పోయింది.
రెండింటి మధ్యా ఒక కడ్డీ ఉండాలి.
ఎవడో ఏనాడో ఇంజన్ దించి ఎక్కించి
మిగిలిందిలే అని పక్కన పారేశాడు.
ఉన్నవన్నీ మార్చుకుంటూ పోయాను నేను.
లేనిదాన్ని ఎలా మారుస్తాను?

పట్టేవాడు లేక, క్లచ్చి అందుకోగానే ఇంజన్ ఊగుతుంది,
ఊగితే లింకు లాగుతుంది,
లాగితే పట్టు జారుతుంది,
జారితే ఇంజన్ వెనక్కొస్తుంది, మళ్ళీ పట్టు, మళ్ళీ జారు.
కాలిదీ కాదు, ప్లేటుదీ కాదు తప్పు.

కన్నియప్పన్ జానెడు కడ్డీ తిప్పిచ్చాడు.
రెండు కొసలకీ రబ్బరు బుష్షులు, రెండు బోల్టులు.
ముప్పావుగంట పని.
బిల్లు రాస్తుంటే సిగ్గేసింది,
పాత మూడు బిల్లులూ అడిగి వెనక్కి తీసుకున్నాను.

సాయంత్రం ఆవిడ సందు చివరిదాకా పోయి వచ్చింది.
యేసుప్రభువు తల కదల్లేదు.
"ఎవరు కనిపెట్టారు?" అంది.
నోరు తెరిచాను. మూసుకున్నాను.
వేలు మాత్రం చూపించాను.
"నీ పేరేంటి బాబూ?"

"ఏ..." అన్నాడు.
"ఏ..."
వెనక షేర్ ఆటో హారను.
కన్నియప్పన్ లేతు ఆగింది.
ఎన్ని వందల కళ్ళకి కట్లు విప్పిన మనిషో,
చెయ్యి చాచి
ఇంజన్ ఆపేసి
కూర్చుంది.